తువ్వాల వేసిన కుర్చీ

జనగామలో ఆ శిక్షణ హాల్లోకి అడుగుపెట్టగానే నా కళ్ళు మనుషుల మీదికి కాదు, కుర్చీల మీదికి పోయాయి. కుర్చీలన్నీ గుండ్రంగా వేసి ఉన్నాయి. వాటిలో ఒక్కదాని వీపు మీద మాత్రం తెల్ల తువ్వాల పరిచి ఉంది. పాఠం చెప్పడానికి ఎవరొస్తున్నారో నాకు ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. ఎన్నేళ్ళుగానో కడుపులో నివురుగప్పి ఉన్న నిప్పు ఒక్కసారి భగ్గుమంది.

అది హెడ్‌మాస్టర్లకు నాయకత్వ శిక్షణ. చుట్టుపక్కల జిల్లాల వాళ్ళందరినీ ఒకచోట కూర్చోబెట్టారు. నేను భూపాలపల్లిలో, బొగ్గుగని కార్మికుల క్వార్టర్లను ఆనుకుని ఉన్న ఒక హైస్కూలుకు హెడ్‌మిస్ట్రెస్‌ని. పాఠం చెప్పడానికి వచ్చిన ఆ పెద్దమనిషి ఒకప్పుడు నా హెడ్‌మాస్టరు. నన్ను చూడగానే గుర్తుపట్టి, "మేడం మా పాత టీం మెంబర్ అండీ" అని అందరికీ చూపించాడు. నేను చేతులు జోడించి నవ్వాను. పగ పెట్టుకున్నవాళ్ళకు నవ్వడం రాకపోతే పని కాదు.

ఆయన మా బడికి వచ్చిన రోజులు చెప్పాలి. నెల్లికుదురు వైపు ఒక ఊళ్ళో హైస్కూలు. నేను అక్కడ సాంఘికశాస్త్రం చెప్పేదాన్ని. మాది గార్ల దగ్గర తండా. ఇంట్లో మాది లంబాడీ మాట. తెలుగు నేను బడికి పోయి నేర్చుకున్నాను. ఆ బడిలో సగం మంది పిల్లలు తండాల నుంచే వచ్చేవాళ్ళు, అందుకే నన్ను వాళ్ళ తల్లులు టీచరమ్మ అనేవాళ్ళు కాదు, బాయి అనేవాళ్ళు. బాయి అంటే మా మాటలో అక్క, యాడి అంటే అమ్మ.

ఆయన జనగామ పట్టణంలో భూములూ పలుకుబడీ ఉన్న ఇంటివాడు. ఎక్కడెక్కడో శిక్షణలు తీసుకుని వచ్చాడు. మొదటి సమావేశానికే మా బల్లలు తీయించి కుర్చీలు గుండ్రంగా వేయించాడు. "సంస్థ అంటే పిరమిడ్ కాదండీ, వృత్తం. ఇక్కడ పైన ఎవరూ లేరు, కింద ఎవరూ లేరు" అన్నాడు. ఆ మాట మాకు నిజంగా నచ్చింది. అంతలో అటెండరు వచ్చి ఒక కుర్చీ మీద తువ్వాల పరిచిపోయాడు. మా డ్రిల్లు సార్ ఆలస్యంగా వచ్చి, ఖాళీగా ఉంది కదా అని అందులోనే కూర్చున్నాడు. హెడ్‌మాస్టర్ లెమ్మనలేదు. చిరునవ్వుతో నిలబడే ఉన్నాడు. డ్రిల్లు సార్ సంగతి అర్థమై లేచేదాకా ఆ వృత్తంలో సమావేశం మొదలు కాలేదు.

పైన పటారం, లోన లొటారం అనే మాట ఆయన కోసమే పుట్టిందని నాకు ఆ రోజే అర్థం కావలసింది. కాలేదు, ఎందుకంటే ఆయన చెప్పే విషయాలు మంచివి. మనుషుల్లో రెండు రకాలున్నారట. తోలితే కదిలేవాళ్ళు, తమంతట తాము కదిలేవాళ్ళు. నాయకుడన్నవాడు మొదటి రకాన్ని రెండో రకంగా మార్చాలట. అధికారం పట్టుకుని కూర్చోకూడదు, అందరికీ పంచాలట. నాకు ఆసక్తి పుట్టి, ఇవన్నీ ఉన్న పుస్తకం ఇవ్వమని ఆయన్ని అడిగాను. "మీరెందుకు శ్రమపడతారు మేడం, సారాంశం నేను చెప్తాగా" అన్నాడు. అధికారం పంచేవాడు పుస్తకం కూడా పంచలేదు.

తర్వాత స్టాఫ్ రూంలో ఒక చార్టు వెలిసింది. మా అందరి పేర్ల పక్కన రంగు రంగుల నక్షత్రాలు. నాకు ముందు పసుపు, తర్వాత ఎరుపు. తండా పిల్లలు పత్తి ఏరే రోజుల్లో బడి మానేస్తారని, ఆ తప్పు నాదని ఎరుపు. పత్తి పగిలినప్పుడు ఏరకపోతే వానకు నల్లబడుతుందని, ఆ ఇళ్ళు నడిచేదే దాని మీదని నేను చెప్పబోతే, "మీరు మరీ ఎమోషనల్ మేడం" అన్నాడు. ఆ మాట అంత మందిలో అన్నాడు. మా మాట యాసను కూడా ఒకట్రెండుసార్లు అనుకరించాడు, అదేదో ముద్దుగా అన్నట్టు.

అట్లా పత్తికి పోయే పిల్లల్లో పదో తరగతి అమ్మాయి ఒకతి ఉండేది. లెక్కల్లో వెనకే. మిగతావాటిలో ఫరవాలేదు. కానీ మనుషుల్ని అనుకరించడంలో దాన్ని మించినవాళ్ళు లేరు. డ్రిల్లు సార్ ఈల వేసే తీరు, నేను సుద్దముక్క విరిచే తీరు, హెడ్‌మాస్టర్ తల కొంచెం పక్కకు వంచి "అండీ" అనే తీరు, అన్నీ దింపేది. వాళ్ళమ్మ బాయి బాయి అంటూ వచ్చి నన్ను అడిగేది ఒక్కటే, దీనికి పది అయితదా అని. వాళ్ళ ఇంట్లో పది పాసైన మనిషి లేడు. అయితది, నాది పూచీ అనేదాన్ని.

మా బళ్ళల్లో స్వపరిపాలన దినోత్సవం అని ఒక ముచ్చట ఉంటుంది. ఆ ఒక్క రోజు పిల్లలే టీచర్లు, పిల్లలే హెడ్‌మాస్టరు. ఆడపిల్లలు చీరలు కట్టుకుని, మగపిల్లలు పంచెలు చుట్టుకుని పాఠాలు చెప్తారు. హెడ్‌మాస్టర్ కుర్చీ ఎప్పుడూ ఫస్టు ర్యాంకు పిల్లకే. ఆ ఏడాది బాలల దినోత్సవం నాడు పెట్టారు. మండల విద్యాధికారి, అదే ఎంఈవో, వస్తున్నాడు. నేను ఈ పిల్ల పేరు చెప్పాను. హెడ్‌మాస్టర్ ఒక్క క్షణం ఆలోచించి, "గుడ్. తండా అమ్మాయి. ఫొటో బాగుంటుంది" అని ఒప్పుకున్నాడు.

నా చీరే కట్టి పంపాను. అది తువ్వాల కుర్చీలో కూర్చుని, తల పక్కకు వంచి, అండీ అండీ అంటూ ఉంటే ఎంఈవో పొట్ట పట్టుకుని నవ్వాడు. వాళ్ళమ్మ చూడ్డానికి వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయింది. పిల్ల వెంటనే, "ఎవరమ్మా అక్కడ? లోపలికి రా. కూసో. మా బడిల ఎవ్వరు నిలవడద్దు" అంది. అందరూ నవ్వారు. వాళ్ళమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది గానీ కూర్చోలేదు. హెడ్‌మాస్టర్ ఫొటో తీశాడు.

కొద్ది రోజులకే పదో తరగతి పరీక్షకు పేర్లు పంపే సమయం వచ్చింది. ఆయన వాళ్ళమ్మను ఆఫీసు రూంకి పిలిపించాడు. నన్నూ పిలిచాడు. ఈసారి ఆమెను కూర్చోమన్నవాళ్ళు లేరు. "కుర్చీ ఎందుకులేమ్మా, రెండు మాటలే కదా" అని, నా వైపు తిరిగి ఇట్లా అన్నాడు. ఈ పిల్ల లెక్కల్లో తప్పుతుంది. తప్పితే బడికి నూటికి నూరు శాతం రాదు. టీసీ తీసుకుని వచ్చే ఏడు ఓపెన్ స్కూల్లో రాసుకోవడం అందరికీ మంచిది. "మీ భాషలో మీరే చెప్పండి మేడం. మనసు మార్చాలంటే వాళ్ళ మనిషితోనే చెప్పించాలి. దీన్నే ఇన్‌ఫ్లుయెన్స్ అంటారు."

ఆమెకు తెలుగు రాదనుకున్నాడు ఆ మహానుభావుడు. మహబూబాబాద్ మార్కెట్లో వ్యాపారుల నోళ్ళు మూయించి పత్తి అమ్ముకొచ్చే మనిషి ఆమె. అంతా విని, ఏమీ తెలియనట్టు నా మొహం చూసింది. నేను మా మాటలో చెప్పాను: "నీ బిడ్డ పేరు కొట్టేయాలని చూస్తున్నాడు. ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. నేను చెప్తే తప్ప పెట్టకు. ఇప్పుడు తలూపి వెళ్ళిపో." ఆమె తలూపింది. హెడ్‌మాస్టర్ సంతోషించాడు. "చూశారా, రెండు నిమిషాల్లో అయింది" అన్నాడు. తెల్లారి పిల్ల సంచీ తగిలించుకుని బడికి వచ్చింది. ఆయన మొహం చూడాల్సిందే ఆ రోజు!

ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. రెండు రోజుల తర్వాత మహబూబాబాద్‌లో ఏదో సమావేశానికి పొమ్మన్నాడు. "మీకు ఎక్స్‌పోజర్ కావాలి మేడం" అన్నాడు. పోయివచ్చాను. మర్నాడు ఆ పిల్ల బెంచీ ఖాళీగా ఉంది. పత్తికి పోయిందేమో అనుకుంటూ బయటికి వస్తే గేటు దగ్గర నిలబడి ఉంది. చేతిలో సంచీ లేదు.

"మీరే పంపిండ్రంట గద టీచర్?" అంది.

"ఏం పంపిన?"

"టీసీ కాయితం. బాయి పంపింది, సంతకం పెట్టమన్నదని లెక్కల సార్ తెచ్చిండు. మీరు చెప్పిండ్రంటెనే మా యాడి పెట్టింది."

లెక్కల సార్ని పట్టుకుని నిలదీస్తే తల దించుకున్నాడు. హెడ్‌మాస్టర్ సార్ అట్లనే చెప్పమన్నడు మేడం, నన్నేం చేయమంటరు అన్నాడు. ఆ సాయంత్రమే తండాకు పోయాను. వాళ్ళమ్మ వాకిట్లో పత్తి ఆరబోస్తూ ఉంది. మా తండాల్లో ఇంటికి మనిషి వస్తే ముందు మంచం వాలుస్తారు, తర్వాతే మాట. ఆమె మంచం వాల్చలేదు. చెంబుతో నీళ్ళు ఇచ్చి, "తాగు టీచరమ్మా" అంది.

"నేను పంపలే బాయీ. నా పేరు చెప్పి ఆయన పంపిండు" అన్నాను.

"గా సారు గట్ల చెప్తడు, నువ్వు గిట్ల చెప్తవు. మీరు మీరు ఒక్క బడోళ్ళు. నడిమిట్ల నా బిడ్డ పోయింది" అని మళ్ళీ పత్తి మీదికి వంగింది.

వాకిట్లో నిలబడి నీళ్ళు తాగి వచ్చాను. ఏడుపు రాలేదు. ఒళ్ళంతా మండింది. పిల్లను బడిలోంచి తోసినందుకు ఒక మంట, తోయడానికి నా పేరు వాడుకున్నందుకు ఇంకో మంట. నా వాళ్ళు నన్ను నమ్మడమే ఆయనకు పనిముట్టు అయింది.

మర్నాడు సమావేశంలో, ఆ గుండ్రటి కుర్చీల మధ్యే అడిగాను. ఆయన తువ్వాలకు వీపు ఆనించి, "అవును, మీ పేరు వాడాను. మీరు మా టీం కదా మేడం? టీంలో పేరు అందరిదీ" అన్నాడు. నలుగురు చార్టు వైపు చూశారు, నలుగురు నేల చూశారు. పై ఆఫీసుకు పోతే, పేర్లు వెళ్ళిపోయాయమ్మా, తల్లి సంతకం ఉందమ్మా అన్నారు. వేసవిలో నూటికి నూరు వచ్చింది. గేటు మీద ఫ్లెక్సీ కట్టారు. అందులో పిల్లల మొహాలు గోళీలంత, ఆయన మొహం తాంబాళమంత.

ఆ రోజే అనుకున్నాను, ఈ మనిషిని ఆయన సిద్ధాంతంతోనే కొట్టాలని. ఆయన పంచని పుస్తకాలు నేనే తెచ్చుకుని చదివాను. ప్రమోషన్ పరీక్షలు రాశాను. విచిత్రం ఏమిటంటే ఆ పుస్తకాల్లో అబద్ధం లేదు. భూపాలపల్లిలో నేను చేరిన రోజు అటెండరు నా కుర్చీ మీద తువ్వాల పరుస్తుంటే మడిచి అతని చేతికే ఇచ్చి, ఇంటికి పట్టుకుపో అన్నాను. ఆఫీసు రూంలో తల్లిదండ్రులకు కుర్చీలు వేయించాను. గని షిఫ్టు దిగే వేళను బట్టి తల్లిదండ్రుల సమావేశాలు మార్చాను. నల్లటి చేతులతో వచ్చి నా ఎదురుగా కూర్చుని మాట్లాడతారు. బడి బాగానే నడుస్తోంది. అయినా నా కడుపులో మంట చల్లారలేదు. మంచి పని చేస్తే పగ పోతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇప్పుడు జనగామ హాలు. ఆయన తెర మీద ఒక ఫొటో వేశాడు. నా చీర కట్టుకుని, తువ్వాల కుర్చీలో, తల పక్కకు వంచుకుని నవ్వుతున్న ఆ పిల్ల.

"చదువులో వెనకబడ్డ తండా అమ్మాయి అండీ. నా కుర్చీలో నేనే కూర్చోబెట్టాను. నాయకత్వాన్ని పంచడం అంటే ఇదీ. ఆ ఏడు మా బడిలో నూటికి నూరు" అన్నాడు. హాలంతా ఫోన్లలో ఫొటోలు తీసుకుంది. ఆ వందలో ఆ పిల్ల లేదని అక్కడ ఎరిగినవాళ్ళం ఇద్దరమే.

మధ్యాహ్నం ఒక ఆట పెట్టాడు. తల్లిదండ్రులకు చేదు నిజం చెప్పడం ఎట్లా అని. ఒకరు హెడ్‌మాస్టర్, ఒకరు పేరెంట్. "పాత్రలో ఉన్నంతసేపు బయటికి రాకూడదు. నేను చప్పట్లు కొడితేనే ఆట ఆగాలి. అందరూ వీడియో తీసి గ్రూపులో పెట్టండి, డాక్యుమెంటేషన్ ముఖ్యం" అన్నాడు. పేరెంట్ వేషం తానే వేస్తానన్నాడు. చేతిరుమాలు తీసి తల మీద ముసుగులా కప్పుకుని, ఒక తండా తల్లిలా వంకర్లు పోయాడు. హాలు నవ్వింది. నేను చెయ్యెత్తాను.

పోయి తువ్వాల కుర్చీలో కూర్చున్నాను. ఆయన పక్క కుర్చీ లాక్కోబోయాడు.

"కుర్చీ ఎందుకులేమ్మా, రెండు మాటలే కదా" అన్నాను.

రుమాలు కింద ఆయన నవ్వు కొంచెం తగ్గింది. నిలబడ్డాడు.

"నీ బిడ్డ లెక్కల్లో తప్పుతుంది. తప్పితే నా వంద పోతుంది. టీసీ తీసుకుపో."

"నా బిడ్డ సదువుకుంటది సారూ" అన్నాడు దీర్ఘం తీస్తూ. ఒకరిద్దరు నవ్వారు.

"పత్తి ఏరుకోవడానికి చదువెందుకు? సంతకం పెట్టు."

ఆయన చేతులు పైకి లేచాయి. "చప్పట్లు ఇప్పుడే వద్దు. పాత్రలోంచి బయటికి రాకూడదని తమరే చెప్పారు" అన్నాను. ఫోన్లన్నీ మా వైపే ఉన్నాయి. ఆయన చేతులు దించాడు.

"నేను... సంతకం పెట్టను" అన్నాడు. ఇప్పుడు దీర్ఘం లేదు.

"మీ బాయే పంపింది ఈ కాగితం. పెట్టమన్నది."

ఆయన నెత్తి మీది రుమాలు సర్దుకున్నాడు. వెనక నుంచి వయసు మళ్ళిన ఒక హెడ్‌మాస్టర్, "అడుగుండ్రి సార్! తల్లి అయితె అడుగుతది గదా, నిజంగ పంపిందా అని" అని ఉత్సాహంగా అందించాడు. పాపం ఆయనకు ఏమీ తెలియదు.

"నిజంగ... ఆమె పంపిందా?" అన్నాడు మా పెద్దమనిషి. గొంతు లేదు.

నేను తువ్వాలకు వీపు ఆనించి, తల కొంచెం పక్కకు వంచాను. "లేదండీ. ఆమె పంపలేదు. ఆమెను ఊరు దాటించి, ఆమె పేరు చెప్పి నేనే పంపాను. ఆమె చెప్తే మీరు నమ్ముతారని నాకు తెలుసు. ఇదిగో, ఈ తెర మీది పిల్లే ఆ పిల్ల. ఫొటో తీసుకున్నాక బడిలోంచి తీసేశాను. టీంలో పేరు అందరిదీ కదండీ."

ఆయన గబగబా చప్పట్లు కొట్టాడు, ఆట ఆపడానికి. అది చూసి హాలంతా చప్పట్లు కొట్టింది. రుమాలు ఇంకా నెత్తి మీదే ఉంది. ఎంతసేపటికీ ఆగలేదు ఆ చప్పట్లు. నా జన్మలో అంత తియ్యటి చప్పుడు వినలేదు.

అవి ఆగాక ఆ పెద్దాయనే మళ్ళీ లేచాడు. ఈసారి ఉత్సాహం లేదు. "సార్, గా ఫొటోల పిల్ల ఇప్పుడు ఏం చేస్తున్నది?" అన్నాడు. సార్ తర్వాతి స్లైడుకు వెళ్దామండీ అన్నాడు. తర్వాత ఏ స్లైడు వేసినా ఎవరూ ఫొటో తీసుకోలేదు. సాయంత్రానికి ఆ వీడియో మూడు జిల్లాల గ్రూపుల్లో తిరిగింది. ఆయన పెట్టిన నియమం ప్రకారమే తిరిగింది.

ఆ ఆదివారం తండాకు పోయాను. ఆ పిల్ల మహబూబాబాద్‌లో కుట్టుపని నేర్చుకుని ఇంట్లోనే మిషను పెట్టుకుంది. పది రాయలేదు. మళ్ళీ బడి పేరెత్తితే వాళ్ళమ్మ ఒప్పుకోలేదట. నేను తీర్చుకున్న పగకు ఆ పిల్లకు పది రాదు, ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే ఫోను తీసి ఆ పిల్ల చేతిలో పెట్టాను.

చూస్తూ చూస్తూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అయిపోగానే లేచి, కుడుతున్న జాకెట్ గుడ్డ నెత్తిన వేసుకుని, గొంతు పోయిన మనిషిలా, "నిజంగ... ఆమె పంపిందా?" అంది. అచ్చం ఆయనే. చాలా ఏళ్ళకు ఆ పిల్ల అనుకరించడం చూశాను. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాం ఇద్దరం.

వాళ్ళమ్మ నవ్వలేదు. ఫోను తీసుకుని గుమ్మంలో వెలుతురుకు పట్టి మొదటి నుంచి చూసింది. మళ్ళీ చూసింది.

"నిలవెట్టినవా?" అని అడిగింది.

"నిలవెట్టిన."

"కుర్సీకి సెయ్యి పెట్టిండా?"

"పెట్టిండు."

"ఇయ్యలే?"

"ఇయ్యలే."

ఆమె ఫోను బిడ్డ చేతికిచ్చి లోపలికి పోయింది. గోడకు ఆనించి ఉన్న మంచం రెండు చేతులా ఎత్తి తెచ్చి వాకిట్లో వాల్చింది. కొంగుతో దుమ్ము దులిపింది.

"కూసో బాయీ" అంది.